హెల్మెట్టుకు తలంటు

ఆషాఢమాసంలో ఒక సాయంకాలం జగదల్‌పూర్‌లో మా అక్కగారింటి వరండాలో కూర్చుని ఉన్నాను. ఉదయం నుంచీ ఎడతెగకుండా కురిసిన వాన అప్పుడే కాస్త తెరిపి ఇచ్చింది. వీధి గేటు చప్పుడైతే తలెత్తి చూద్దును గదా, తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు సైకిలును నడిపించుకుంటూ వస్తున్నాడు. వెంట ఇద్దరు స్నేహితులున్నారు. వాడి ఎడమ కనుబొమపైన అదిమిపెట్టుకున్న రుమాలు ఎర్రగా తడిసిపోయింది. సైకిలు హాండిలుకు మాత్రం ఒక్క గీతయినా పడని హెల్మెట్టు భద్రంగా వేలాడుతున్నది.

దళపత్ సాగర్ పక్కనున్న మలుపులో ముందు చక్రం బురదలో జారిందట. తల వెళ్లి రోడ్డు అంచున ఉన్న రాతికి కొట్టుకున్నది. నాలుగు కుట్లు పడ్డాయి. కుట్లు వేసిన డాక్టరు, "ఇంకొక అంగుళం పక్కకు తగిలి ఉంటే కణతకు తగిలేది" అని మా అక్కతో మెల్లగా అని, కుర్రవాడి వైపు తిరిగి, "హెల్మెట్టు లేదా బాబూ?" అని అడిగారు.

"ఉందండీ."

"మరి పెట్టుకోలేదేం?"

వాడు తల వంచుకుని, వినీ వినబడనట్లు, "కంపు కొడుతోందండీ" అన్నాడు.

ఆ సమాధానం విని నవ్వాలో కోప్పడాలో మా అక్కకు తెలియలేదు. "నువ్వైనా చెప్పరా తమ్ముడూ, ప్రాణంకంటే వాసన ఎక్కువా?" అన్నది నాతో. ఆ రాత్రి అందరూ పడుకున్న తరువాత నేను ఆ హెల్మెట్టును చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిసిన గోనెసంచి, పాతబడిన కొబ్బరినూనె, పులిసిన మజ్జిగ, ఈ మూడూ కలిసినట్లున్న ఒక ఘాటు గుప్పుమన్నది. లోపలి మెత్తలపై తెల్లని ఉప్పుచారలు. గడ్డం కింది పట్టీ జిడ్డుకట్టి నల్లబడి ఉన్నది. కుర్రవాడిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. దాన్ని పెట్టుకొమ్మంటే నేనూ వెనుకాడేవాడినే.

మన దేశంలో 1988నాటి మోటారు వాహనాల చట్టం, 129వ సెక్షను ప్రకారం, మోటారు సైకిలు నడిపేవారు హెల్మెట్టు ధరించి తీరాలి. సైకిలు తొక్కేవారికి అటువంటి నిర్బంధం లేదు. అంటే సైకిలుమీద వెళ్లే పిల్లవాడు హెల్మెట్టు పెట్టుకోవడం పూర్తిగా వాడి ఇష్టంపైన, ఇంట్లో పెద్దల పట్టుదలపైన ఆధారపడి ఉన్నది. ఇష్టంమీద ఆధారపడిన అలవాటును చెడగొట్టడానికి దుర్వాసనకంటే మించినది మరొకటి లేదు. కనుక హెల్మెట్టును శుభ్రంగా ఉంచడం కేవలం సోకుకు సంబంధించిన విషయం కాదు. శుభ్రంగా ఉన్నది తలమీద ఉంటుంది, కంపుకొట్టేది హాండిలుకు వేలాడుతుంది.

నేను చేసిన పొరపాటు

మర్నాడే ఆ హెల్మెట్టును బాగుచేసి మేనల్లుడిని మెప్పించాలని నాకు తోచింది. పైడొప్పపైన ఏదో స్టిక్కరు ఊడిపోగా మిగిలిన జిగురు, లోపలి అంచున తారుమచ్చ ఉన్నాయి. సబ్బునీళ్లకు అవి వదలలేదు. బావగారి స్కూటరు కోసం సీసాలో దాచి ఉంచిన పెట్రోలు కంటబడింది. గుడ్డను అందులో ముంచి రుద్దాను. జిగురు క్షణంలో పోయింది. అదే ఉత్సాహంతో లోపలి తెల్లని అంచును కూడా రుద్దాను. రెండు నిమిషాల తరువాత చూస్తే, ఆ తెల్లని పదార్థం ఎండకు కరిగిన పటికబెల్లంలా జిగటగా మారి, వేలు పెడితే గుంట పడుతున్నది. అంచున బొటనవేలంత మేర కరిగి మాయమైంది.

పైనుంచి చూస్తే హెల్మెట్టు మిలమిల మెరుస్తున్నది. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. నేను లోపల చూడకపోయి ఉంటే, మా అక్క దాన్ని తళతళలాడుతున్న కొత్తదానిలా వాడి తలకు పెట్టి బడికి పంపి ఉండేది. దుర్వాసన కొట్టిన నాడు అది కనీసం పనికివచ్చే హెల్మెట్టు. నా శుభ్రతా కార్యక్రమం తరువాత అది ఒట్టి టోపీగా మారిపోయింది. దాన్ని ఎవరూ మళ్లీ వాడకుండా పట్టీలు కత్తిరించి పారవేసి, కొత్తది కొనుక్కొచ్చాము. ఈసారి మాత్రం దాన్ని కడగడానికి ముందు, అది దేనితో తయారవుతుందో తెలుసుకోవడం మంచిదనిపించింది.

బెండులో దాగిన బలం

తెల్లదొరల కాలంలో మన దేశంలో 'సోలా టోపీ' అనేది ఒకటి ఉండేది. నీటి మడుగుల్లో పెరిగే జీలుగు మొక్క బెండును పలుచగా చెక్కి, అతికి, పైన గుడ్డ తొడిగి దాన్ని తయారుచేసేవారు. ఎండనుంచి కాపాడడమే దాని పని. నేటి సైకిలు హెల్మెట్టులో కూడా ప్రధానమైనది బెండే. అయితే ఇది రసాయన కర్మాగారంలో పుట్టిన బెండు. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ గుళికలను ఆవిరితో ఉబ్బించి, అచ్చులో పోసి, ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తారు. మనం థర్మోకోల్ అని పిలిచే పదార్థానికి ఇది దగ్గరి చుట్టం, కాకపోతే మరింత చిక్కనిది. దాని ఘనపరిమాణంలో అత్యధిక భాగం గాలే. పైన కనబడే గట్టి డొప్ప సాధారణంగా పాలీకార్బొనేట్ వంటి ప్లాస్టిక్కుతో చేసిన పలుచని కవచం.

తల నేలకు కొట్టుకున్నప్పుడు ఈ బెండు నలుగుతుంది. అందులోని వేలకొద్దీ గాలిబుడగలు చితికిపోతూ దెబ్బలోని శక్తిని తాము తీసుకుంటాయి. తల ఆగిపోవడానికి పట్టే వ్యవధి సెకనులో కొన్ని వేల వంతులు పెరుగుతుంది. మెదడుకు ఆ కాస్త వ్యవధే రక్ష. అమెరికాలో 1999 నుంచి అమలులో ఉన్న ప్రమాణం ప్రకారం, హెల్మెట్టును నమూనా తలకు తొడిగి 2 మీటర్ల ఎత్తునుంచి చదునైన ఉక్కు దిమ్మెమీదికి జారవిడుస్తారు. ఆ తలకు కలిగే తాకిడి గురుత్వ త్వరణానికి 300 రెట్లు మించిందా, ఆ హెల్మెట్టు పనికిరానిదే. ఐరోపాలో 1997 నుంచి ఇటువంటిదే మరొక ప్రమాణం ఉన్నది. కొనేటప్పుడు లోపల అతికించిన చీటీపై వీటి ప్రస్తావన ఉన్నదో లేదో చూసుకోవాలి. ఒకసారి నలిగిన బెండు మళ్లీ పూర్వస్థితికి రాదు. అందుకే పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్టును, పైకి బాగానే కనబడినా, తిరిగి వాడకూడదంటారు.

తలను కాపాడుకోవాలన్న ఆలోచన శాస్త్రంగా మారడం వెనుక ఒక రచయిత మరణం ఉన్నది. హోమర్ 'ఒడిస్సీ'ని ఆంగ్లవచనంలోకి అనువదించి 1932లో ప్రచురించిన టి.ఇ. లారెన్స్, 1935 మే నెలలో ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతంలో మోటారు సైకిలుపై వేగంగా వెళుతూ, సైకిళ్లపై వెళుతున్న ఇద్దరు కుర్రవాళ్లను తప్పించబోయి పడిపోయాడు. తలకు తగిలిన గాయంతో ఆరు రోజుల తరువాత మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే శస్త్రచికిత్సా నిపుణుడు ఒకరు. ఆ మరణం ఆయన మనసులో నాటుకుపోయింది. మోటారు సైకిలు ప్రమాదాలలో తలకు తగిలే గాయాలను పరిశీలించి, హెల్మెట్టు ఎంత అవసరమో వివరిస్తూ 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రకటించాడు. సైకిలు తొక్కేవారి కోసమే ప్రత్యేకంగా, లోపల ఈ తెల్లని బెండుతో చేసిన హెల్మెట్టు అమెరికాలో బజారుకు వచ్చింది 1975లో. బెల్ కంపెనీ దాన్ని తయారుచేసింది.

దాని ప్రయోజనం ఎంత? ఆస్ట్రేలియాకు చెందిన ఆలివియర్, క్రైటన్ అనే పరిశోధకులు వివిధ దేశాలలో జరిగిన 40 అధ్యయనాలను, వాటిలో గాయపడిన 64,000 మందికి పైగా సైకిలిస్టుల వివరాలను ఒకచోట చేర్చి 2016లో లెక్కలు కట్టారు. హెల్మెట్టు ధరించినవారికి తలకు తీవ్రమైన గాయం తగిలే అవకాశం, ధరించనివారితో పోలిస్తే, 69 శాతం తక్కువగా ఉన్నదని తేలింది. వీటిలో ఏ ఒక్క శాతమూ హాండిలుకు తగిలించిన హెల్మెట్టుకు వర్తించదు.

కంపు ఎక్కడినుంచి వస్తుంది?

చెమటకు వాసన ఉన్నదని మనం అనుకుంటాము. నిజానికి అప్పుడే పట్టిన చెమటలో దాదాపు అంతా నీరే. కాస్త ఉప్పు, మరికొన్ని పదార్థాలు స్వల్పంగా ఉంటాయి. దానికి చెప్పుకోదగిన వాసన లేదు. మన చర్మంపై నివసించే సూక్ష్మజీవులు ఆ చెమటను, తలలో ఊరే సహజమైన జిడ్డును, రాలిన చర్మపు పొట్టును ఆహారంగా తీసుకుని విసర్జించే ఆమ్లాల వాసనే మనకు దుర్వాసనగా తోస్తుంది. ఈ సూక్ష్మజీవులు పెరగడానికి తడి, వెచ్చదనం, చీకటి కావాలి. వాడిన వెంటనే మూలన పడవేసిన హెల్మెట్టులో ఈ మూడూ సమృద్ధిగా దొరుకుతాయి.

దీనికి తోడు మన దేశంలో తలనూనె ఒకటి ఉన్నది. తెలుగువారి ఇళ్లలో కొబ్బరినూనె. బస్తరు పల్లెల్లో ఇప్పగింజలనుంచి తీసిన నూనె వంటకూ ఒంటికీ కూడా వాడతారు. ఇప్పనూనె కాస్త చల్లబడితే పేరుకుంటుంది. ఏ నూనె అయినా హెల్మెట్టు మెత్తల్లో ఇంకి, గాలి తగిలి, నాళ్లు గడిచేకొద్దీ కారువాసన పడుతుంది. ఉత్త నీళ్లతో కడిగితే ఉప్పు పోతుందేగాని ఈ జిడ్డు పోదు. అందుకే కడిగిన మర్నాడే హెల్మెట్టు మళ్లీ కంపుకొట్టిందని కొందరు విసుగుపడతారు. సైకిలుమీద వెళ్లే రోజుల్లో తలకు నూనె రాత్రిపూట పట్టించి, ఉదయం తల కడుక్కుంటే సగం బాధ తప్పుతుంది.

బస్తరు వానాకాలం ఈ సమస్యను రెట్టింపు చేస్తుంది. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు వరకు ఇక్కడ గాలే తడిగా ఉంటుంది. గోడకు తగిలించిన బట్టకు బూజు పడుతుంది. అలమరలోని పుస్తకాల అట్టలపై తెల్లని పొర కనబడుతుంది. ఆ గాలిలో తడి హెల్మెట్టు తనంతట తాను ఆరడం కల్ల.

కడిగే పద్ధతి

దీనికి ఖరీదైన సామగ్రి ఏదీ అక్కరలేదు. ఒక బేసిను, గోరువెచ్చని నీళ్లు, పసిపిల్లలకు వాడే తేలికపాటి షాంపూ నాలుగైదు చుక్కలు, మెత్తని నూలుగుడ్డ, అరిగిపోయిన పళ్లబ్రష్షు ఒకటి ఉంటే చాలు. కుంకుడు రసం కూడా పనికివస్తుంది. అయితే చెమటతో కలిసి కంట్లోకి జారితే అది ఎంత మండుతుందో మన బాల్యం మనకు చెప్పే ఉంటుంది, కనుక ఒకటికి రెండుసార్లు జాలించాలి.

మొదట లోపలి మెత్తలను ఊడదీయండి. చాలా హెల్మెట్లలో అవి అంటుకునే పట్టీలతో అమర్చి ఉంటాయి. ఏది ఎక్కడిదో ఒక కాగితంపై గీసి పెట్టుకుంటే తిరిగి అమర్చేటప్పుడు తికమక ఉండదు. మెత్తలను సబ్బునీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి, అరచేతుల మధ్య పెట్టి వత్తండి. బట్టలా పిండి మెలితిప్పకూడదు. అలా చేస్తే లోపలి స్పాంజి చిరుగుతుంది. నురుగు పూర్తిగా పోయేవరకు మంచినీళ్లతో జాలించండి. మొదటిసారి కడిగినప్పుడు దిగే నీళ్ల రంగు చూస్తే, ఇన్నాళ్లూ మనం నెత్తిన మోసినది ఏమిటో తెలుస్తుంది.

తరువాత డొప్ప. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో పైభాగాన్ని తుడవండి. గాలిరంధ్రాలలో పేరుకున్న మట్టిని బ్రష్షుతో సున్నితంగా తీయండి. ఎండిన మట్టిని పొడిగా రుద్దితే గీతలు పడతాయి, ముందు తడపాలి. లోపలి తెల్లని బెండును తడిగుడ్డతో అద్దితే చాలు. గోటితో గీరడం, గట్టిగా రుద్దడం కూడదు.

అందరూ మరచిపోయేది పట్టీలను. నిజానికి ముఖంమీది చెమట అంతా జారి చేరేది గడ్డం కిందికే. పట్టీలను సబ్బునీళ్లలో తడిపి, బ్రష్షుతో నూలుపోగుల వెంబడి రుద్ది, కడగాలి. బిగింపు బిళ్లలోకి ఇసుక చేరితే అది సరిగా పడదు. దాన్ని కుళాయి ధార కింద పెట్టి నాలుగుసార్లు పెట్టి తీయండి. 'టిక్కు'మన్న చప్పుడు స్పష్టంగా వినబడాలి.

మెత్తలు ఊడిరాని హెల్మెట్టయితే, దాన్ని బోర్లించి, సబ్బునీళ్లతో తడిపిన గుడ్డను మెత్తలపై అదిమి అదిమి జిడ్డును గుడ్డకు ఎక్కించాలి. తరువాత మంచినీళ్లతో అదే విధంగా చేయాలి. కొంచెం ఓపిక కావాలి, అంతే.

ఎన్నాళ్లకొకసారి కడగాలి? రోజూ తొక్కేవారు ఎండాకాలంలోను వానాకాలంలోను మెత్తలను, పట్టీలను వారానికొకసారి, మొత్తం హెల్మెట్టును నెలకొకసారి కడిగితే సరిపోతుంది. ఇంటికి రాగానే పొడిగుడ్డతో లోపల ఒకసారి తుడిచి, గాలి ఆడేచోట తగిలించడం మాత్రం ప్రతిరోజూ చేయవలసిన పని. పది నిమిషాల వారపు స్నానంకంటే ఈ అర నిమిషపు అలవాటు ఎక్కువ మేలు చేస్తుంది.

ఆరబెట్టడమే అసలు కష్టం

కడిగిన హెల్మెట్టును వానాకాలంలో ఆరబెట్టడం ఎలా అన్నది బస్తరులోనే కాదు, గోదావరి జిల్లాల్లోను, మన్యంలోను కూడా ఎదురయ్యే ప్రశ్నే. ఆత్రపడి పొయ్యిగట్టున పెట్టేవారున్నారు. జుట్టు ఆరబెట్టే వేడిగాలి యంత్రాన్ని వాడేవారున్నారు. రెండూ ప్రమాదమే. నీరు మరిగే వేడికంటే తక్కువ వేడికే ఈ బెండు మెత్తబడి ఆకారం కోల్పోతుంది. ఎండలో మూసిఉంచిన కారు అద్దం కింద పెట్టడం కూడా ఇటువంటిదే. మండుటెండలో గంటలకొద్దీ ఉంచితే సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు డొప్పను, పట్టీలను పెళుసు చేస్తాయి.

నీడ, గాలి, ఈ రెండూ చాలు. కడిగిన వెంటనే మెత్తలను పొడి తువ్వాలులో చుట్టి అదిమితే నీరు చాలావరకు తువ్వాలుకు పోతుంది. హెల్మెట్టులో పాత వార్తాపత్రికలను ఉండలుగా చుట్టి కూరి, గంటకొకసారి మార్చండి. కాగితం తడిని బాగా పీలుస్తుంది. తరువాత సీలింగు ఫ్యాను కింద తలకిందులుగా తగిలించండి. శనివారం రాత్రి కడిగితే సోమవారం ఉదయానికి సిద్ధంగా ఉంటుంది. అదనంగా మరొక జత మెత్తలు కొని ఉంచుకుంటే ఆరలేదన్న బెంగే ఉండదు. తడి ఆరని మెత్తలను తొడగడం మాత్రం కడగకపోవడంకంటే చెడ్డది. పడిన శ్రమ అంతా సూక్ష్మజీవులకు విందుగా మారుతుంది.

బస్తరు పశువుల కాపరులు వానల్లో పెట్టుకునే వెదురు గిడుగు ఒకటి ఉన్నది. ఛత్తీస్‌గఢీలో దాన్ని 'ఖుమరీ' అంటారు. వెదురు అల్లిక కనుక దానిలోంచి గాలి ఆడుతుంది. అందుకే అది ముక్కదు. మన హెల్మెట్టులోని రంధ్రాలు కూడా గాలి కోసమే. వాటిని మట్టితో మూసుకుపోనివ్వకుండా ఉంచితే అది కొంతవరకు తన్ను తానే చూసుకుంటుంది.

వానాకాలంలో మరొక జాగ్రత్త కూడా అవసరం. వరండాలో తగిలించిన హెల్మెట్టు చీమలకు, కందిరీగలకు, ఒక్కొక్కప్పుడు తేళ్లకు కూడా వెచ్చని ఇల్లు. పెట్టుకునేముందు ఒకసారి తలకిందులు చేసి, విదిలించి, లోపల చూసుకోవడం మంచిది.

చేయకూడనివి

పెట్రోలు సంగతి నా అనుభవంతోనే చెప్పాను. రంగు పలచన చేసే తిన్నరు, గోళ్లరంగు తుడిచే ద్రవం, కిరోసిను కూడా అదే కోవలోనివి. ఇవన్నీ పాలిస్టైరీన్‌ను తినివేయగలవు. బట్టలకు వాడే బ్లీచింగు ద్రావణాలు పట్టీల బలాన్ని తగ్గిస్తాయి. బట్టలుతికే యంత్రంలో వేయడం గురించి చెప్పనే అక్కరలేదు.

బస్తరువాసులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది దోమల మందు. ఈ ప్రాంతంలో మలేరియా బెడద దీర్ఘకాలంగా ఉన్నది. 2020లో ప్రభుత్వం 'మలేరియా ముక్త్ బస్తర్' అనే పేరిట ఇంటింటి పరీక్షలు మొదలుపెట్టింది. దోమలనుంచి కాపాడుకోవడానికి ఒంటికి మందు పూసుకోవడం మంచిదే. అయితే అటువంటి కొన్ని మందులలో ఉండే 'డీట్' అనే రసాయనం అనేకరకాల ప్లాస్టిక్కులను కరిగిస్తుంది. మందు పూసుకున్న చేతులను సబ్బుతో కడుక్కున్న తరువాతనే హెల్మెట్టును ముట్టుకోవాలి. నుదుటికి పూసుకునేటప్పుడు మెత్తలు తగిలే భాగాన్ని వదిలివేయాలి.

హెల్మెట్టు కింద దళసరి తువ్వాలు చుట్టుకుని కంపును తప్పించుకునేవారు కొందరు. పలుచని నూలు టోపీ అయితే ఫరవాలేదు, దాన్ని రోజూ ఉతుక్కోవచ్చు. దళసరి గుడ్డ వల్ల మాత్రం హెల్మెట్టు తలకు బిగుతుగా కూర్చోదు, దెబ్బ తగిలినప్పుడు జారిపోతుంది. కనుబొమలకు రెండు వేళ్ల ఎత్తున ముందు అంచు, చెవుల చుట్టూ పట్టీలు, గడ్డం కింద ఒక వేలు దూరేంత సందు. కడిగి తిరిగి అమర్చిన ప్రతిసారీ ఈ మూడూ సరిచూసుకోవాలి. ఒకరి హెల్మెట్టును మరొకరు పెట్టుకోకపోవడమే మేలు. తప్పనిసరి అయితే మెత్తలు మార్చి ఇవ్వాలి.

కడగడంలో మరొక లాభం కూడా ఉన్నది. వారానికొకసారి చేతిలోకి తీసుకుని తిప్పి చూసినప్పుడే బెండులో వచ్చిన సన్నని పగులు, పట్టీలో ఊడిన కుట్టు కనబడతాయి. పగిలినా, నలిగినా, పెద్ద దెబ్బ తిన్నా మార్చివేయాలి. ఏ దెబ్బా తగలకపోయినా 5 నుంచి 10 ఏళ్లకు మార్చడం మంచిదని అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం సలహా.

హరేలీ నాడు

ఇంద్రావతికి దక్షిణాన నివసించే దండామి మాడియా గిరిజనులు నాట్యవేళ తలకు ధరించే కొమ్ముల కిరీటం ప్రపంచప్రసిద్ధమైనది. అడవిదున్న కొమ్ములు, పక్షి ఈకలు, ముఖంమీదికి జాలువారే గవ్వల కుచ్చులు ఉండే ఆ కిరీటం కారణంగానే 1938లో వెలువడిన తన గ్రంథంలో గ్రిగ్సన్ దొర వారిని 'కొమ్ముల మాడియాలు' అనే అర్థం వచ్చే పేరుతో పేర్కొన్నాడు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత అడవిదున్నను వేటాడడం నేరం. కనుక తాతలనాటి కొమ్ములను పదిలపరుచుకోవలసిందే, కొత్తవి దొరికే దారి లేదు. మా మేనల్లుడి హెల్మెట్టు కొమ్ముల కిరీటంలా తరతరాలు నిలిచేది కాదు. కాని తలపై ధరించేదాన్ని శ్రద్ధగా చూసుకోవాలన్న పాఠం వాడికి ఈ నేలమీదనే దొరికింది.

వాడి కుట్లు విప్పిన కొన్నాళ్లకు హరేలీ అమావాస్య వచ్చింది. జగదల్‌పూర్‌లో డెబ్బయి అయిదు రోజులపాటు సాగే బస్తరు దసరా మొదలయ్యేది కూడా ఆ రోజుననే. ఛత్తీస్‌గఢ్ రైతులు ఆనాడు నాగలి, పార, గునపం మొదలైన పనిముట్లన్నిటినీ శుభ్రంగా కడిగి, వరుసగా పేర్చి పూజచేస్తారు. గుమ్మాలకు వేపమండలు గుచ్చుతారు. మనం దసరాకు చేసే ఆయుధపూజను వీరు నాట్లకాలంలోనే ముందుగా చేసుకుంటారన్నమాట. అక్కగారి ఇంటి వెనుకవీధిలో ఒక ముసలి రైతు ఉన్నాడు. ఆయన తన నాగలి పక్కన, సంతకు కూరగాయలు మోసే పాత సైకిలును కూడా కడిగి నిలబెట్టాడు.

మా మేనల్లుడు ఆ వరుసను కాసేపు చూసి, లోపలికి పరుగెత్తి, తన కొత్త హెల్మెట్టును బేసినులో పెట్టుకుని వచ్చాడు. ఆ వారపు స్నానం అక్కడే, ఆ రైతు బావి దగ్గరే జరిగింది. మెత్తలు ఊడదీసి వత్తాడు, పట్టీలు తోమాడు, బిళ్లను టిక్కుమనిపించాడు. కడగడం అయిన తరువాత సందేహిస్తూ దాన్ని పార పక్కన పెట్టాడు. ముసలాయన హల్బీలో ఏదో అడిగి, వాడి సమాధానం విని, బియ్యప్పిండి కలిపిన నీళ్లలో వేళ్లు ముంచి అన్నిటితోపాటు దానిమీద కూడా తెల్లని చుక్కలు పెట్టాడు.

కుర్రవాడు కంగారుగా నావైపు చూశాడు. "మామయ్యా, ఇది బెండును కరిగించదు గదా?" అన్నాడు.

"బియ్యప్పిండికి ఆ దోషం లేదు" అన్నాను.

హెల్మెట్టు ఆ రాత్రంతా ఫ్యాను కింద ఆరింది. మర్నాడు ఉదయం వాడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మాట్లాడకుండా తలకు తొడుక్కుని, పట్టీ బిగించి బడికి వెళ్లాడు. సాయంకాలం తిరిగి వచ్చే వేళకు మళ్లీ చినుకులు మొదలయ్యాయి. గేటు చప్పుడై మా అక్క గబగబా వరండాలోకి వచ్చింది. హాండిలుకు ఏమీ వేలాడడం లేదు.